నెల్లూరు ఎండకు పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌ను సిద్ధం చేసుకోవడం

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో దస్తావేజు లేఖకుల బల్లల మీద, ఆడిటర్ల కార్యాలయాల్లో, రొయ్యల మేత అమ్మే దుకాణాల్లో, ఇంజనీరింగ్ విద్యార్థుల గదుల్లో కనిపించే ల్యాప్‌టాప్‌లలో కొత్తగా కొన్నవి తక్కువ. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన లెనోవో థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లే చెన్నైలోని రిచీ స్ట్రీట్ లాంటి బజార్ల మీదుగా మన దాకా వస్తుంటాయి. ఇవి మంచి యంత్రాలు. ఒళ్లు గట్టిది, కీబోర్డు హాయిగా ఉంటుంది, అడుగు మూత విప్పితే చాలా భాగాలు చేతికి అందుతాయి. అయితే వీటిని కొన్నవాళ్లలో ఎక్కువమంది మొదట చేసే పని ర్యామ్ వేయించుకోవడం. మన జిల్లాల్లో వరుస దీనికి తిరగబడి ఉండాలని నా అభిప్రాయం. ముందు వేడి సంగతి తేల్చుకోవాలి, తర్వాత ఎస్‌ఎస్‌డి (హార్డ్ డిస్క్‌కు బదులు వేసే, తిరిగే భాగాలు లేని డిస్క్), ఆ తర్వాతే ర్యామ్.

కారణం చాలా తేలిక. ల్యాప్‌టాప్‌లో ఉండేది ఏసీ యంత్రం కాదు. ఫ్యాను గదిలోని గాలినే లోపలికి లాగి, రాగి గొట్టం చివరనున్న సన్నని రేకుల మధ్యగా బయటికి తోస్తుంది, అంతే. కాబట్టి గది ఎంత వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే అదనంగా వేడెక్కుతుంది. చెన్నైలో 25 డిగ్రీల ఏసీ గదిలో పనిచేస్తూ 80 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్న ప్రాసెసర్, నెల్లూరులో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గదిలో అదే పని చేస్తే 95 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో ఉండే 8వ తరం ఇంటెల్ ప్రాసెసర్లకు, ఉదాహరణకు ఐ5-8250యూకు, పరిమితి 100 డిగ్రీలు. ఆ గీత దగ్గర పడేసరికి ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట మనకు తెలిసిందే. ఆ రోజుల్లో ల్యాప్‌టాప్ మొరాయిస్తున్నదంటే అది పాతబడిపోయిందని కాదు, దానికి ఊపిరి ఆడడం లేదని అర్థం. అలాంటి యంత్రానికి 16 జీబీ ర్యామ్ వేసినా వేగం రాదు.

ఇంకా కొనని వారికి రెండు మాటలు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ 8వ తరం గానీ ఆపైన గానీ కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. పైగా 7వ తరం ఐ5-7200యూలో ఉన్నవి రెండు కోర్లు, 8వ తరం ఐ5-8250యూలో నాలుగు. ఒక్క తరం తేడాలో ఇంత లాభం అరుదుగా వస్తుంది, అందువల్ల ఆ కాలపు థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 5490, ఎలైట్‌బుక్ 840 జీ5 వంటివి చూసుకోవడం మేలు. డబ్బు ఇచ్చే ముందు యంత్రాన్ని ఆన్ చేసి, విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల తెర అయిన బయోస్‌లోకి వెళ్లి, అక్కడ ఆ సెట్టింగులకు తాళంగా పాత కంపెనీ పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ లేదని కళ్లారా చూడండి. థింక్‌ప్యాడ్‌లలో ఆ పాస్‌వర్డ్ బోర్డు మీది నాణెం లాంటి చిన్న బ్యాటరీ తీసి పెట్టినంత మాత్రాన పోదు. "అదేం పర్లేదన్నా, తర్వాత తీసేయొచ్చు" అని అమ్మేవారు చెప్పినా ఒప్పుకోకండి.

చేతిలో యంత్రం ఉన్నాక ముందుగా దాని ప్రస్తుత పరిస్థితిని కొలవాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ప్రాసెసర్ ఉష్ణోగ్రతను, వేగాన్ని, వేడి వల్ల వేగం తగ్గిందా లేదా అన్నదాన్ని చూపిస్తుంది. దాన్ని తెరిచి ఉంచి, సినీబెంచ్ వంటి బరువైన పరీక్షను పది నిమిషాలు నడిపి, చివర్లో ఉష్ణోగ్రత ఎంత, వేగం ఎంత అని కాగితం మీద రాసుకోండి. పక్కనే గది ఉష్ణోగ్రత కూడా రాయండి, ఇది చాలామంది మరిచిపోతారు. డిసెంబరులో తీసుకున్న అంకెకూ ఏప్రిల్‌లో తీసుకున్న అంకెకూ పోలిక కుదరాలంటే ప్రాసెసర్ ఉష్ణోగ్రతలోంచి గది ఉష్ణోగ్రతను తీసివేసి, మిగిలిన తేడాను మాత్రమే చూడాలి. ఆ తేడా తగ్గితేనే మనం చేసిన పని ఫలించినట్టు.

ఇప్పుడు విప్పే పని. ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్క్‌లోకి నకలు తీసుకోండి. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే బయోస్‌లో మార్పులు చేశాక యంత్రం ఆ కీ అడిగే అవకాశం ఉంది, అప్పుడు అది లేకపోతే డేటా మొత్తం తాళం పడినట్టే. ఆపైన ఛార్జర్ తీసి, యంత్రాన్ని పూర్తిగా ఆపాలి. టీ480లో రెండు బ్యాటరీలు ఉంటాయి. వెనుకది క్లిప్పులు జరిపితే ఊడి వస్తుంది, లోపలిది మాత్రం బోర్డుకు కలిసే ఉంటుంది. దాన్ని నిలిపివేయడానికి బయోస్‌లో కాన్ఫిగ్, పవర్ అన్న విభాగాల్లో అంతర్గత బ్యాటరీని డిసేబుల్ చేసే ఎంపిక ఉంది. అది నొక్కగానే యంత్రం ఆగిపోతుంది, మళ్లీ ఛార్జర్ పెట్టేదాకా లేవదు. ఇతర కంపెనీల వాటిలో మూత విప్పిన వెంటనే బ్యాటరీ కనెక్టరును నెమ్మదిగా ఊడదీయాలి. అడుగు మూత స్క్రూలను మంచి ఫిలిప్స్ స్క్రూడ్రైవర్‌తో వదులు చేయండి. కొన్ని స్క్రూలు మూతకే అంటిపెట్టుకుని ఉంటాయి, వాటిని పూర్తిగా బయటికి లాగే ప్రయత్నం చేయవద్దు. స్క్రూలు తీశాక మూత అంచుల చుట్టూ పాత ఏటీఎం కార్డు లాంటి పలుచని ప్లాస్టిక్‌ను జరుపుతూ పోతే లోపలి కొక్కేలు ఒక్కొక్కటిగా వదులుతాయి. ఇనుప మొనలు వాడితే మూత అంచు పాడవుతుంది.

మూత తీసిన తర్వాత చూడవలసిన మొదటి చోటు ఫ్యాను కాదు, ఫ్యానుకూ రాగి రేకులకూ మధ్యనున్న సందు. బయటి జాలీలోంచి చూస్తే రేకులు శుభ్రంగానే కనిపిస్తాయి, ఫ్యాను రెక్కల మీద కూడా పలుచని దుమ్ము తప్ప ఏమీ ఉండదు. కానీ ఫ్యాను పై రేకును తీసి లోపలి వైపు నుంచి చూస్తే ఆ సందులో దుమ్ము, నూలు పోగులు, వెంట్రుకలు అన్నీ పెనవేసుకుని చిన్న కంబళి ముక్కలా అడ్డంగా పరుచుకుని ఉంటాయి. దాని ఒక అంచును పట్టకారుతో పట్టుకుని లాగితే మొత్తం పొర ఒక్కసారిగా ఊడి వస్తుంది, దాని వెనుక రేకుల సందులు మెరుస్తూ బయటపడతాయి. దుకాణాల్లో చాలాచోట్ల మూత విప్పకుండానే బయటి జాలీ వైపు నుంచి బ్లోయర్‌తో గాలి కొట్టి పని అయిందంటారు. అలా కొట్టిన గాలి ఈ పొరను కాస్త వెనక్కి నెట్టి ఫ్యాను మీదికి తోస్తుంది, ఫ్యాను తిరగగానే అది మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంటుంది. అందుకే రెండు మూడు రోజులు బాగుండి మళ్లీ మొదటికే వస్తుంది.

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ కోత, పాలిషింగ్ యూనిట్ల దగ్గర పనిచేసే యంత్రాల్లో ఈ పొరకు తోడు సన్నని రాతి పొడి కూడా చేరి, తేమకు గట్టిపడి రేకులకు అంటుకుంటుంది. అలాంటప్పుడు పట్టకారు చాలదు. రాగి గొట్టం, రేకులు కలిసిన హీట్‌సింక్‌ను పూర్తిగా బయటికి తీసి, మెత్తని బ్రష్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రేకులను శుభ్రం చేసి ఆరబెట్టాలి. చెరువుల గట్ల మీద షెడ్లలో రాత్రిపూట వాడేవాటిలోకి వెలుగుకు వచ్చే చిన్న పురుగులు కూడా చేరుతాయి. ఫ్యానుకు బ్లోయర్ గాలి కొట్టేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితోనో పుల్లతోనో ఆపి పట్టుకోండి, లేకపోతే అది తన హద్దును మించి తిరిగి బేరింగు దెబ్బతినవచ్చు. చేత్తో తిప్పినప్పుడు గరగరమన్నా, రెక్కలు ఊగినా ఆ ఫ్యానును మార్చడమే మంచిది. థింక్‌ప్యాడ్ ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ అని చూపి ఆగిపోతే ఆలోచించవలసిన పనే లేదు.

తర్వాతది థర్మల్ పేస్ట్. ప్రాసెసర్ పైభాగం, హీట్‌సింక్ అడుగుభాగం కంటికి నున్నగా కనిపించినా వాటి మధ్య సూక్ష్మమైన ఎగుడుదిగుళ్లలో గాలి నిలుస్తుంది, గాలి వేడిని సరిగా దాటనివ్వదు. ఆ ఖాళీలను నింపడమే పేస్ట్ పని. మన గూడూరు, సైదాపురం గనుల అభ్రకాన్ని ఎరిగినవారికి ఈ సూత్రం కొత్త కాదు. ఒకప్పుడు పవర్ ట్రాన్సిస్టర్ల కింద విద్యుత్తును ఆపడానికి పలుచని అభ్రకం బిళ్ల పెట్టేవారు, దానికి కూడా రెండు వైపులా గ్రీజు పూసేవారు, ఆ గ్రీజు లేకపోతే వేడి హీట్‌సింక్‌కు చేరేది కాదు. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారిన పేస్ట్ ఎండిపోతుంది. గోకితే పొడిపొడిగా రాలుతుంది.

హీట్‌సింక్ స్క్రూల పక్కన సాధారణంగా 1, 2, 3, 4 అని అంకెలు ముద్రించి ఉంటాయి. విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు, బిగించేటప్పుడు చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వెళ్లాలి. ఒక్కో స్క్రూను ఒకేసారి పూర్తిగా బిగించక, అన్నింటినీ కొంచెం కొంచెంగా బిగిస్తూ రావాలి. ఈ ప్రాసెసర్లకు పైన లోహపు మూత ఉండదు, సిలికాన్ ముక్క నేరుగా బయటికే ఉంటుంది కాబట్టి ఒక మూలన బలం ఎక్కువైతే అంచు విరిగే ప్రమాదం ఉంది. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని గుడ్డతో రెండు వైపులా అద్దంలా మెరిసేదాకా తుడవండి. 99 శాతం ఉన్నదైతే త్వరగా ఆరిపోతుంది, సెంటు, శానిటైజర్ వంటివి వద్దు. అక్కడ పక్కపక్కన రెండు మెరిసే ముక్కలు కనిపిస్తాయి. పెద్దది ప్రాసెసర్. చిన్నదాని మీద కంపెనీవారు పేస్ట్ వేసి ఉంటేనే మీరూ వేయండి.

ఏ పేస్ట్ అన్న ప్రశ్నకు నా సమాధానం సూటిగానే ఉంటుంది. ఆర్కిటిక్ ఎంఎక్స్-4 లేదా ఎంఎక్స్-6 చాలు. సిలికాన్ ముక్క అంతా కప్పేటట్టు పలుచగా పరవండి. మూత ఉన్న డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు మధ్యలో చుక్క పెట్టి వదిలేసే పద్ధతి ఇక్కడ నమ్మదగింది కాదు, ఒక మూల తడవకుండా మిగిలితే అక్కడే వేడి పేరుకుంటుంది. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే హనీవెల్ పీటీఎం7950 అనే పలుచని షీటు ఉంది. అది మామూలుగా గట్టిగానే ఉండి సుమారు 45 డిగ్రీలు దాటాక మెత్తబడి ఖాళీల్లోకి పారుతుంది. రోజూ వేడెక్కి చల్లారే ల్యాప్‌టాప్‌లలో మామూలు పేస్ట్ మెల్లగా పక్కలకు జరిగిపోతుంది, ఈ షీటుకు ఆ ఇబ్బంది చాలా తక్కువ, అందువల్ల మన ఎండలకు ఇదే సరైనదని నేను నమ్ముతాను. దాన్ని ప్రాసెసర్ ముక్క కొలతకు కత్తిరించి, రెండు వైపులా ఉన్న పలుచని పొరలు తీసి అంటించాలి. పొర సరిగా రాకపోతే షీటును కాసేపు ఫ్రిజ్‌లో పెడితే తేలిగ్గా ఊడుతుంది. నకిలీలు ఎక్కువ కాబట్టి నమ్మకమైన చోటే కొనండి. లిక్విడ్ మెటల్ (పేస్ట్‌కు బదులు వాడే ద్రవ లోహం) జోలికి మాత్రం పోవద్దు. అందులోని గేలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, ఒక్క బొట్టు బోర్డు మీద జారితే షార్ట్ అవుతుంది. హీట్‌సింక్ అడుగున మెత్తని రబ్బరు లాంటి థర్మల్ ప్యాడ్లు ఉంటే వాటిని ఉన్నచోటే ఉంచండి. చిరిగితే అదే మందం గల ప్యాడ్ వేయాలి, పేస్ట్‌తో ఆ ఎడం నిండదు.

ఇప్పుడు ఎస్‌ఎస్‌డి. హార్డ్ డిస్క్‌తో నడుస్తున్న యంత్రానికి ఇది వేస్తే కలిగే మార్పు ర్యామ్‌తో రాదు. పాత డిస్క్ సెకనుకు సుమారు 100 మెగాబైట్లు చదివితే, సాటా ఎస్‌ఎస్‌డి (హార్డ్ డిస్క్ కనెక్టరుకే తగిలే రకం) 500కు పైగా చదువుతుంది. అంతకన్నా ముఖ్యంగా, చిన్న చిన్న ఫైళ్ల కోసం తిరిగే పళ్లెం మీద వెతుక్కునే ఆలస్యం పూర్తిగా పోతుంది. టీ480లో 2.5 అంగుళాల చోటులో 7 మిల్లీమీటర్ల మందం గల సాటా ఎస్‌ఎస్‌డి పడుతుంది. దానికి బదులు ఒక బ్రాకెట్, కేబుల్ కొంటే అదే చోట ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన రకం ఎస్‌ఎస్‌డి కార్డు కూడా పెట్టుకోవచ్చు. అయితే అక్కడ డేటా నడిచే లేన్లు నాలుగుకు బదులు రెండే ఉండడం వల్ల ఖరీదైన కార్డు పూర్తి వేగం అక్కడ రాదు. టాలీ, బ్రౌజరు, అను ఫాంట్లతో డీటీపీ చేసుకునేవారికి సాటా, ఎన్‌వీఎంఈ మధ్య తేడా చేతికి తెలియదు, కాబట్టి మధ్యరకం కార్డుతో సరిపెట్టుకుని మిగిలిన డబ్బు బ్యాటరీకి ఉంచుకోండి. పాత విండోస్‌ను యథాతథంగా నకలు చేయడం కన్నా కొత్తగా వేసుకోవడం మంచిదని నా సలహా. ఎవరో వాడిన కంపెనీ సాఫ్ట్‌వేర్ అంతా దాంతో పోతుంది.

ర్యామ్ విషయంలో మొదట తెలుసుకోవలసింది స్లాట్లు ఎన్ని అన్నది. టీ480లో రెండు డీడీఆర్4 స్లాట్లు ఉన్నాయి. టీ480ఎస్‌లో కొంత బోర్డుకే అతికించి ఒక్క స్లాటే ఇచ్చారు. ఎక్స్1 కార్బన్‌లో అసలు స్లాటే లేదు, కొన్ననాడు ఎంత ఉంటే అంతే. 4వ, 5వ తరం యంత్రాలు డీడీఆర్3ఎల్ వాడతాయి, దాని గాడి వేరే చోట ఉంటుంది కాబట్టి డీడీఆర్4 అందులో పట్టదు, బలవంతం చేయవద్దు. 16 జీబీ కావాలనుకుంటే ఒకే ముక్కకు బదులు 8 జీబీవి రెండు వేయండి. ఈ యంత్రాల్లో గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌ను వాడుకుంటుంది, రెండు దారుల్లో డేటా నడిస్తే దానికి మేలు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి 8 జీబీతో పని సాగుతున్నవారు తొందరపడనవసరం లేదు.

ఛార్జర్ గురించి ఎవరూ చెప్పరు గాని చెప్పి తీరవలసిన మాట ఒకటుంది. డెల్ యంత్రాలు ఛార్జర్‌ను ఒక సన్నని మధ్య పిన్ను ద్వారా గుర్తిస్తాయి. ఆ పిన్ను వంగినా, నకిలీ ఛార్జర్ పెట్టినా, యంత్రం ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించేస్తుంది, బ్యాటరీని ఛార్జ్ చేయదు. దాన్ని వేడి సమస్య అనుకుని పేస్ట్ మార్పించుకునేవారు ఉన్నారు. ఉష్ణోగ్రత 60 డిగ్రీల లోపే ఉండి కూడా వేగం పాతాళంలో ఉంటే ముందు అసలైన ఛార్జర్ పెట్టి చూడండి. లోహపు అంచు తాకితే చేతికి జిలుమంటుంటే అది ప్లగ్గులో ఎర్తింగ్ లేదన్న సూచన కావచ్చు, ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

బ్యాటరీ ఉబ్బిందేమో విప్పినప్పుడే చూసుకోండి. టచ్‌ప్యాడ్ పైకి లేవడం, యంత్రం బల్ల మీద సమంగా కూర్చోకపోవడం దాని గుర్తులు. ఉబ్బినదాన్ని పొడవకుండా, నొక్కకుండా తీయించి మార్చాలి. ఎక్కువసేపు ఛార్జర్ మీదే నడిపేవారు లెనోవో వాంటేజ్‌లోనో, డెల్, హెచ్‌పీల బయోస్‌లోనో బ్యాటరీ 80 శాతం దగ్గర ఆగేటట్టు పెట్టుకోవాలి. నిండా ఛార్జ్ అయి వేడిలో ఉండడమే లిథియం బ్యాటరీకి అన్నింటికన్నా చేటు. అదే కారణంతో మే నెలలో ల్యాప్‌టాప్‌ను ఎండలో నిలిపిన కారులోనో, బండి డిక్కీలోనో వదలవద్దు.

ఇంత చేశాక కూడా వేసవి మధ్యాహ్నాల్లో వేడి తగ్గకపోతే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో గరిష్ఠ ప్రాసెసర్ స్థితిని 100 నుంచి 99కి మార్చండి. ఆ ఒక్క శాతంతో టర్బో, అంటే ప్రాసెసర్ తన మామూలు వేగాన్ని మించి పరుగెత్తే ఏర్పాటు, ఆగిపోతుంది. ఐ5-8250యూ అప్పుడు 3.4 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకకుండా దాదాపు 1.6 దగ్గర నడుస్తుంది, ఉష్ణోగ్రత గణనీయంగా పడిపోతుంది. టైపింగ్‌కు, బిల్లులకు, జీఎస్టీ రిటర్నులకు అది చాలు, వీడియో ఎడిటింగ్‌కు చాలదు. థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌తో వోల్టేజీ తగ్గించే పద్ధతి కూడా ఉంది గాని, 2019 చివర్లో బయటపడిన ఒక భద్రతా లోపం తర్వాత చాలా యంత్రాల బయోస్ నవీకరణలు దాన్ని మూసేశాయి. దానికోసం పాత బయోస్‌కు వెళ్లమని నేను చెప్పను.

అడుగున ఫ్యాన్లు తిరిగే కూలింగ్ ప్యాడ్ కొనడం కన్నా ల్యాప్‌టాప్ వెనుక అంచు కింద అంగుళం ఎత్తున చెక్క ముక్క పెట్టడం మేలు. గాలి లాగే రంధ్రాలు అడుగునే ఉంటాయి కాబట్టి వాటికి చోటు దొరికితే ప్యాడ్ ఇచ్చే లాభంలో ఎక్కువ భాగం ఖర్చు లేకుండానే వస్తుంది. పరుపు మీద, దిండు మీద పెట్టకండి. ఎయిర్ కూలర్ ముందు కూడా వద్దు. సముద్రపు తేమ ముందే ఉన్న మన తీరంలో కూలర్ గాలి ఇంకా తేమను తెచ్చి నేరుగా బోర్డు మీదికి తోస్తుంది. కనెక్టర్ల మీద పచ్చటి మరక కనిపించిందంటే తేమ పట్టిందని గ్రహించాలి.

చివరగా మూత బిగించే ముందు ఫ్యాను కేబుల్ కనెక్టరులో పూర్తిగా దిగిందో లేదో చూసి, మూత బిగించాక ఛార్జర్ పెట్టి ఆన్ చేసి, అదే పది నిమిషాల పరీక్షను మళ్లీ నడిపి, గది ఉష్ణోగ్రతతో పాటు పాత అంకెల కింద రాయండి. పీటీఎం7950 వేసినవారు కొన్నిసార్లు వేడెక్కి చల్లారిన తర్వాత తీసుకున్న అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. తేడా మునుపటిలాగే ఉంటే హీట్‌సింక్ ఒక వైపు ఎత్తుగా కూర్చుందని అనుమానించి స్క్రూలను వరుస ప్రకారం మళ్లీ బిగించండి. దుమ్ము తీసే పనిని ఏటా ఉగాదికి ముందు, పేస్ట్‌ను మాత్రం కాగితం మీది తేడా పెరిగినప్పుడు చేయించుకుంటే సరిపోతుంది.